పడమటి భారతం: ఒకే అరేబియా సముద్రం, ఒకచోట కుంభవృష్టి, ఇంకోచోట ఎడారి. ఎందుకిలా? ఏ నెలలో ఎటు వెళ్ళాలి?

జూరాల_ఎగువ (ప్రశ్న)

కచ్, జైసల్మేర్, కొంకణ్ మూడూ చూడాలని ప్లాను వేస్తున్నాం. హైదరాబాద్ నుంచి బయల్దేరతాం. అమ్మానాన్నలు కూడా వస్తున్నారు, ఇద్దరికీ అరవై దాటాయి. దీపావళి సెలవులకు ఇంకొన్ని రోజులు కలిపి పది రోజుల్లో మూడూ చుట్టేయొచ్చా?

ఇంకో సందేహం. మ్యాపులో చూస్తే ఈ మూడు చోట్లూ అరేబియా సముద్రం వైపే ఉన్నాయి, నైరుతి గాలి ముందు తగిలేది వీటికే కదా. మరి మహాబలేశ్వర్‌లో 6000 మి.మీ. దగ్గర దగ్గరగా పడే వాన జైసల్మేర్ వచ్చేసరికి 200 కూడా ఎందుకు దాటదు? రాజస్థాన్‌లో ఆరావళి కొండలు ఉన్నాయిగా, అవి అడ్డుకోవా? దీనితో పాటు అక్కడి ఇళ్ళు, తిండి, చేతిపనులు ఏవి చూడాలో, ఏం కొనాలో కూడా తెలిసినవాళ్ళు చెప్పండి. కోటల లిస్టు మాత్రం వద్దు, అది ఎక్కడైనా దొరుకుతుంది.

వానమాపకం

ఆరావళి కొండలు ఉన్నాయండీ, కానీ గాలికి అడ్డంగా లేవు. పడమటి కనుమలు ఉత్తర దక్షిణాలుగా నిలబడ్డాయి. నైరుతి గాలి వాటికి ఎదురొచ్చి, పక్కకు తప్పుకునే దారి లేక పైకెక్కుతుంది. తేమ గాలి కిలోమీటరు ఎత్తుకు వెళ్ళేసరికి ఐదారు డిగ్రీలు చల్లబడుతుంది, ఇక మోయలేని నీళ్ళను అక్కడే దించేస్తుంది. ఆరావళి మాత్రం గుజరాత్ అంచు నుంచి ఢిల్లీ దాకా నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, గాలి వచ్చే దిక్కూ దాదాపు అదే. కాలువ గట్టు వెంట నీళ్ళు పోయినట్టు గాలి కొండల పక్క నుంచి వెళ్ళిపోతుంది.

ఆ ప్రాంతంలోనే కొండ గట్టిగా ఎదురైన చోట వాన పడుతుందనడానికి మౌంట్ ఆబూ సాక్ష్యం. గురుశిఖర్ ఎత్తు 1722 మీటర్లు. ఆబూ కొండ మీద ఏడాదికి సుమారు 1500 మి.మీ. పడుతుంది. అక్కడి నుంచి వాయవ్యంగా బాడ్‌మేర్ వెళితే 300 కూడా ఉండదు.

కొండల దిశతోనే కథ అయిపోదు. వానాకాలంలో కూడా థార్ మీద తేమ గాలి పొర పలచగా ఉంటుంది. దాని మీద బలూచిస్తాన్ వైపు నుంచి వచ్చే వేడి పొడి గాలి పరుచుకుని, మేఘాన్ని నిలువుగా ఎదగనివ్వదు. జులైలో జైసల్మేర్‌లో ఉక్కపోస్తుంది, మబ్బూ కమ్ముతుంది, చినుకు మాత్రం చాలా రోజులు పడదు. పైగా వానాకాలమే చిన్నది. వాతావరణ శాఖ లెక్కలో రుతుపవనాలు ముంబైకి జూన్ 11కి, అంటే మన మృగశిర కార్తె నడుస్తుండగా వస్తాయి. పడమటి రాజస్థాన్ చివరికి చేరేది జులై 8కి. సెప్టెంబరు 17 నుంచి మొట్టమొదట వెనక్కి మళ్ళేదీ అక్కడి నుంచే. చివర వచ్చి ముందు పోతాయన్నమాట.

కొండ దాటాక ఏమవుతుందో కళ్ళతో చూడాలంటే మహాబలేశ్వర్ నుంచి పంచ్‌గని మీదుగా వాయికి దిగండి. ముప్పై చిల్లర కిలోమీటర్ల రోడ్డు. పైన 5500–6000 మి.మీ., పంచ్‌గనిలో రెండు వేల లోపు, వాయిలో ఏడెనిమిది వందలు. ఇంకా తూర్పుకు మాణ్, ఖటావ్ తాలూకాలకు వెళితే కరువు ప్రాంతమే, మన అనంతపురంతో పోల్చదగ్గ వాన. అనంతపురం కరువుకూ సగం కారణం ఇదే కనుమలు.

మీ పేరు జూరాల కాబట్టి ఇంకో మాట. కృష్ణ పుట్టేది మహాబలేశ్వర్‌లో, అరేబియా సముద్రానికి 64 కి.మీ. దూరంలోనే. అయినా 1400 కి.మీ. నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. భీమా పుట్టేది భీమశంకర్‌లో, గోదావరి పుట్టేది త్ర్యంబకేశ్వర్‌లో. రెండూ ఆ కొండల్లోనే. జులై, ఆగస్టుల్లో జూరాలకు వచ్చే వరదలో చాలాభాగం ఆ సన్నటి కొండ అంచు మీద పడిన వానే. మహబూబ్‌నగర్‌లో చినుకు లేకపోయినా గేట్లెత్తడం అందుకే. కృష్ణ ఉపనది కోయనాది ఇంకో తమాషా: కృష్ణలోకి రావాల్సిన నీళ్ళలో ఏటా 67.5 టీఎంసీల దాకా కరెంటు కోసం సొరంగాల్లో పడమటికి మళ్ళించి, చిప్లూన్ వైపు వదిలే ఏర్పాటు ఉంది.

బన్నీ_గడ్డి

కచ్ సంగతి నేను చెబుతా. ముందే అనేస్తున్నా, దీపావళికి వద్దు. తెల్ల రణ్ (ఉప్పు పేరుకున్న ఎడారి మైదానం) చూడాలనే కదా వెళ్ళేది, అప్పటికి అది తెల్లబడదు.

ఎందుకంటే వానాకాలంలో నైరుతి గాలి కోరీ క్రీక్ అనే పాయ గుండా సముద్రపు నీటిని లోపలికి తోస్తుంది. మరోపక్క లూనీ, బనాస్ లాంటి నదులు రాజస్థాన్ నుంచి నీళ్ళు తెస్తాయి. నేల దాదాపు సముద్ర మట్టానికే ఉంటుంది కాబట్టి ఆ నీళ్ళకు పోయే దారి లేదు. మోకాలి లోతున పరుచుకుని అక్టోబరు నుంచి ఆవిరవుతూ వస్తాయి. డిసెంబరుకు గానీ ఉప్పు పొర గట్టిపడదు. సెప్టెంబరు చివర్లో గట్టి వాన పడిందంటే క్రిస్మస్‌కు కూడా నీళ్ళే. నమ్మదగ్గ కాలం జనవరి, ఫిబ్రవరి మొదటి సగం. టెంట్ల ఉత్సవం నవంబరులోనే మొదలవుతుంది, ఆ ఫొటోలు చూసి టికెట్లు కొనకండి.

పర్మిట్: భుజ్ నుంచి, తెల్ల రణ్ అంచున ఉన్న ధోర్డో ఊరు సుమారు 80 కి.మీ. దారిలో భిరండియారా చెక్‌పోస్టు దగ్గర అందరి గుర్తింపు కార్డులూ చూపించాలి. ముందురోజే ఆన్‌లైన్‌లో తీసుకుంటే క్యూ తప్పుతుంది. అక్కడ ఆగినప్పుడు మావా కోవా తినండి, బన్నీ (భుజ్‌కు ఉత్తరాన ఉన్న గడ్డి మైదానం) గేదె పాలతో చేస్తారు. ఈ గేదెల్ని రాత్రిపూట మేతకు వదులుతారు, తెల్లారాక వాటంతట అవే ఇల్లు చేరతాయి.

ఉప్పు మీద జాగ్రత్త. పొర కింద ఉండేది నల్లటి బురద. ఒడ్డున గట్టిగా ఉందని లోపలికి నడుచుకుంటూ పోతే చీలమండ దాకా దిగబడుతుంది. బండి దింపితే ట్రాక్టరు వచ్చి లాగాల్సిందే. పెద్దవాళ్ళను రోడ్డు చివర, జనం తొక్కి గట్టిపడిన చోటే ఉంచండి. పౌర్ణమి రాత్రి బావుంటుంది, రద్దీ కూడా అంతే. ముందో వెనకో రెండు రోజులు ఎంచుకుంటే వెన్నెలకు పెద్ద లోటు ఉండదు, గదుల రేట్లు మాత్రం తగ్గుతాయి.

అక్కడి గుండ్రటి మట్టి ఇళ్ళను భూంగా అంటారు. 2001 జనవరి 26 భూకంపంలో మూల గోడల రాతి ఇళ్ళు ఎన్నో కూలిపోతే, బాగా కట్టిన భూంగాలు చాలావరకు నిలబడ్డాయి. గుండ్రటి గోడకు మూలలుండవు, కుదుపు ఒక్కచోట పేరుకోకుండా చుట్టూ సర్దుకుంటుంది. పైన గడ్డి కప్పు కాబట్టి బరువు తక్కువ. మందపాటి మట్టి గోడ, చిన్న కిటికీ ఉండటంతో మే నెల ఎండకు, జనవరి చలికి కూడా ఆగుతుంది. ఇప్పుడు రిసార్టుల్లో సిమెంటుతో భూంగా ఆకారం కడుతున్నారు, ఆ గదుల్లో ఈ సుఖం ఉండదు.

సింధు నాగరికత నాటి ధోలావీరా వదలకండి, 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఖావ్‌డా నుంచి రణ్ మధ్యగా వేసిన రోడ్డు ఉంది, రెండు పక్కలా ఉప్పే. పెట్రోలు భుజ్‌లోనే నింపుకోండి, దారిలో అంగళ్ళు చాలా తక్కువ. మందులు, నీళ్ళు దగ్గరుండాలి.

ఇక దారంతా కనిపించే ముళ్ళ పొదలు చూసి ఇదేదో ఎడారి మొక్క అనుకునేరు. మన సర్కారు తుమ్మే. ఉప్పు ముందుకు రాకుండా ఆపుతుందని 1961లో బన్నీలో నాటారు. పశువులు కాయలు తిని పేడతో విత్తనాలు చల్లేశాయి, గడ్డి మైదానంలో సగం దానికే పోయింది. అక్కడి జనం పెట్టుకున్న పేరు గాండో బావళ్, పిచ్చి తుమ్మ.

జూరాల_ఎగువ

చాలా థ్యాంక్స్ అండీ. అయితే కచ్ సంక్రాంతికి మారుస్తాం. అజ్రక్ (చెక్క అచ్చులతో వేసే రంగుల అద్దకం) దుప్పట్లు, చీరలు అక్కడే కొనాలని అమ్మ కోరిక. అసలుదో, స్క్రీన్ ప్రింటో ఎలా పోల్చుకోవాలి? జైసల్మేర్ గురించి కూడా ఎవరైనా చెబితే బావుండు.

బన్నీ_గడ్డి

అజ్రక్‌కు భుజ్ నుంచి తూర్పుగా పది పదిహేను కిలోమీటర్లలో అజ్రక్‌పూర్ వెళ్ళండి. ఈ అద్దకం పని చేసే ఖత్రీలు అంతకుముందు ధమడ్కా అనే ఊళ్ళో ఉండేవారు. భూకంపం తర్వాత అక్కడి నీటి మట్టం పడిపోయింది, నీళ్ళలో ఇనుము పెరిగింది. ఇనుము ఉన్న నీళ్ళలో ఉడికిస్తే మంజిష్ఠ వేరుతో వేసే ఎరుపు నల్లబడిపోతుంది. అందుకే చాలా కుటుంబాలు మంచి నీళ్ళున్న చోటు వెతుక్కుని కొత్త ఊరే కట్టుకున్నాయి.

పని వరస తెలిస్తే నకిలీ దానంతటదే దొరికిపోతుంది. ముందు గుడ్డలోని గంజి పోయేలా ఆముదం, సోడాలతో నానబెట్టి ఉతుకుతారు. తర్వాత కరక్కాయ నీళ్ళలో ముంచి పసుపుపచ్చగా చేస్తారు. తెల్లగా మిగలాల్సిన గీతల మీద సున్నం, జిగురు కలిపి అచ్చు వేస్తారు. నలుపుకు ఇనుప తుక్కు, బెల్లం పులియబెట్టిన నీళ్ళను చింతగింజల పిండితో చిక్కబరుస్తారు. ఎరుపు రావాల్సిన చోట పటిక. ఆపైన నీలిమందు తొట్టి, ఉతుకు, ఎర్ర రంగులో ఉడకబెట్టడం. మొత్తం పద్నాలుగు, పదహారు దశలు, రెండు మూడు వారాల పని. పెడనలో కలంకారీ చూసినవాళ్ళకు కరక్కాయ, ఇనుము-బెల్లం నలుపు, పటిక ఎరుపు కొత్తేమీ కాదు.

చూడాల్సినవి: వెనక వైపు కూడా రంగు దిగి ఉండాలి, మంచివాటిలో రెండు వైపులా అచ్చు వేస్తారు. అచ్చు అచ్చు కలిసే చోట వెంట్రుకవాసి తేడా కనిపించాలి. తెల్ల గీత మరీ పాలలా మెరుస్తూ ఉంటే అనుమానించండి. తడి తెల్ల రుమాలుతో రుద్దితే నీలం కొంచెం అంటుకోవడం మామూలే, ఎరుపు ధారాళంగా అంటితే మాత్రం సరిగ్గా ఉతకలేదని అర్థం. మొదటి రెండు మూడుసార్లు విడిగా చల్లటి నీళ్ళలో ఉతికి నీడలో ఆరేయండి. నిమ్మరసం, వెనిగర్ తగిలితే నలుపు పోతుంది.

సజ్జ_రొట్టె

జైసల్మేర్‌కు వస్తే మొదట కోటలో బస వద్దు. ఆ కోట 1156 నాటిది, ఇప్పటికీ లోపల జనం కాపురముంటున్నారు. తలా రెండు బిందెల నీళ్ళతో సరిపెట్టుకునే రోజుల్లో కట్టింది. తర్వాత పైపులు వచ్చాయి, హోటళ్ళు వచ్చాయి, బాత్రూములు వచ్చాయి. వాడిన నీళ్ళు కింద ఉన్న మెత్తటి పొరల్లోకి దిగి బురుజులు కుంగుతున్నాయి. పొద్దున లోపలికి వెళ్ళి చూసి రండి, పడక మాత్రం బయట పెట్టుకోండి. అమ్మానాన్నలకు మెట్లూ తప్పుతాయి.

నీళ్ళ ఏర్పాట్లు చూడకుండా ఆ ఊరు అర్థం కాదు. టాంకా అంటే ఇంటి ముందు గుండ్రంగా తవ్వి సున్నంతోనో సిమెంటుతోనో పూసిన తొట్టి. చుట్టూ వాలుగా చదును చేసిన నేల ఆగోర్. చదరపు మీటరు మీద ఒక మి.మీ. పడితే లీటరు నీళ్ళు. వంద చదరపు మీటర్ల ఆగోర్ మీద 200 మి.మీ. పడితే 20,000 లీటర్లు, అందులో సగం నేల తాగేసిందనుకున్నా 10,000 మిగులుతాయి. ఆరుగురి ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు 30 లీటర్లు అంటే పదకొండు నెలలు వస్తాయి. వానకు ముందు ఆగోర్ ఊడ్చి, పూడిక తీయాలి, మూత బిగించాలి. మేకలు తొక్కిన ఆగోర్ నుంచి వచ్చిన మొదటి నీళ్ళు లోపలికి వదిలారా, ఏడాది నీళ్ళూ పాడే.

పొలానికి ఖడీన్. పాలీవాల్ బ్రాహ్మణులు పేరు తెచ్చిన పద్ధతి. రాతి నేల వాలు అడుగున మట్టి కట్ట వేస్తారు. పొలానికి పది పదిహేను రెట్ల విస్తీర్ణం నుంచి నీళ్ళు వచ్చి కట్ట వెనక నిలబడతాయి. నేల తాగినంత తాగాక మిగతాది తూము తీసి వదిలేస్తారు, ఆ తడిలోనే అక్టోబరు, నవంబరుల్లో గోధుమ, శనగ చల్లుతారు. మళ్ళీ తడి పెట్టే పని లేదు. జనవరిలో వెళితే ఎడారి మధ్యలో పచ్చటి గోధుమ చేను కనబడుతుంది, పాలీవాల్‌లు వదిలి వెళ్ళిన కులధరా ఊరి చుట్టుపక్కల అడగండి. కులధరా దయ్యాల కథలు మాత్రం టికెట్ల కోసం పెంచినవి.

ఎడారిలో నీళ్ళెప్పుడూ తక్కువే అనుకోవద్దు. 2006 ఆగస్టులో బాడ్‌మేర్ జిల్లాలో మూడు రోజుల్లోనే ఏడాది సగటుకు దాదాపు రెట్టింపు వాన పడి కవాస్ ఊరు మునిగింది. ఇసుకే కదా ఇంకిపోతుందనుకుంటే, కింద జిప్సం పొర అడ్డుపడి వారాల తరబడి నీళ్ళు నిలిచాయి. ఇందిరా గాంధీ కాలువ కింద కొన్నిచోట్ల నేల ఉప్పుబారడానికి కూడా ఇలాంటి గట్టి పొరలే ఒక కారణం.

తిండిలో కేర్-సాంగ్రీ తినాలి. కేర్ ఎడారి పొదకు కాసే చిన్న కాయ, సాంగ్రీ అంటే జమ్మి కాయే. దసరా నాడు చేతిలో పెట్టి ఆలింగనం చేసుకునే జమ్మి ఉంది కదా, తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం ఆ ఒక్క చెట్టే. లేత కాయలు కోసి ఉడికించి ఎండబెడతారు. కొనేటప్పుడు సన్నగా, ముదురు రంగులో ఉన్నవి తీసుకోండి. లావుగా ఉబ్బినవి ముదిరిపోయినవి, ఎంత ఉడికినా గింజ పళ్ళకు తగులుతుంది. ఇంటికొచ్చాక రాత్రంతా నానబెట్టి, నీళ్ళు పారబోసి, ఉప్పు వేసి ఉడికించి వార్చాలి. సాంగ్రీ మూడు పాళ్ళకు కేర్ ఒక పాలు చాలు, కేర్ చేదు. నూనె ధారాళంగా, ఎండుమిర్చి, మామిడి ఒరుగు పొడి. ఉల్లి, నీళ్ళు తగలకపోతే రెండు మూడు రోజులు నిలవుంటుంది. ఆ చెట్ల కోసమే 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో చెట్లను కాపాడటం ధర్మంగా భావించే బిష్ణోయిలు 363 మంది ప్రాణాలిచ్చారు.

ఇసుక దిబ్బలకు సమ్ అందరూ చెబుతారు, అక్కడ రాత్రి డీజే గోల ఎక్కువ. ఖూడీ నయం. జనవరి రాత్రి ఏడెనిమిది డిగ్రీలు మామూలు, ఒక్కోసారి సున్నా దగ్గరికీ పోతుంది. టెంటులో హీటర్ ఉందా అని కాదు, కరెంటు రాత్రంతా ఉంటుందా అని అడగండి.

జాంభా_రాయి

అందరూ ఎడారి వైపే లాగుతున్నారు, కొంకణ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. దీపావళి సెలవులు దానికే వాడుకోండి. వానలు తగ్గాక పచ్చదనం నవంబరు మధ్య దాకా ఉంటుంది, జలపాతాలు సన్నబడతాయి గానీ రోడ్లు బావుంటాయి. సెప్టెంబరులో సెలవు దొరికితే ఇంకా మేలు, సాతారా నుంచి 25 కి.మీ.లో ఉన్న కాస్ పీఠభూమి పూలు అప్పుడే. దానికి ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి.

జులైలో మహాబలేశ్వర్ వెళ్ళి వ్యూ పాయింట్లు చూస్తామనేవాళ్ళకు కనబడేది పొగమంచు ఒక్కటే. కొంకణ్ రైల్వేలో జూన్ మధ్య నుంచి అక్టోబరు దాకా విడిగా వానాకాలం టైంటేబుల్ నడుస్తుంది, రైళ్ళ వేగం తగ్గిస్తారు, సొరంగాల దగ్గర కొండచరియలు జారతాయని. ఆ రోజుల్లో పైన కనెక్షన్ రైలు పెట్టుకుంటే కనీసం నాలుగు గంటల ఎడం ఉంచుకోండి.

చేపల కోసం వెళ్ళేవాళ్ళు తేదీలు చూసుకోవాలి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా. విశాఖలో పడవలు కడలికి వెళ్ళే రోజుల్లో మాల్వణ్‌లో పడవలు ఒడ్డున ఉంటాయి. అప్పుడు హోటల్లో పెట్టేది ఐసు చేపో, ఎండు చేపో.

మూడు వేల మి.మీ. వాన పడే ఊళ్ళకు ఏప్రిల్, మేల్లో ట్యాంకర్లు వస్తాయంటే కొత్తవాళ్ళు నమ్మరు. కొండ నుంచి సముద్రానికి దూరం యాభై అరవై కిలోమీటర్లే, వాలు ఎక్కువ. నదులు పొట్టివి, పడిన నీళ్ళు పూటలో సముద్రం చేరతాయి. నేల జాంభా రాయి, జహీరాబాద్ వైపు కనిపించే ఎర్ర లేటరైట్ లాంటిదే. చిల్లులు చిల్లులుగా ఉండి ఎంత తాగుతుందో అంతా కిందికి వదిలేస్తుంది. తవ్వినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలాక గట్టిపడుతుంది కాబట్టి ఇటుకల్లా కోసి ఇళ్ళు కడతారు.

హాపూస్ (అల్ఫాన్సో) మామిడికి ఆ నేలే నచ్చింది, వేళ్ళ దగ్గర నీళ్ళు నిలవవు. వానలు ఆగాక ఎండ, తర్వాత చలి తగిలితే నవంబరు నుంచి పూత. డిసెంబరు, జనవరిల్లో అకాల వాన పడితే బూడిద తెగులు వచ్చి పూత రాలిపోతుంది, ఆ ఏడాది రేటు మండిపోతుంది. మార్చిలో మొదట వచ్చే కాయలకు డబ్బు తగలేయకండి, ఏప్రిల్ చివర నుంచి రుచీ రేటూ రెండూ కుదురుతాయి. పైకి నిగనిగలాడుతూ లోపల తెల్లగా స్పాంజిలా ఉండే జబ్బు హాపూస్‌కు ఉంది, కోస్తే గానీ తెలియదు. కాయ చెట్టున మరీ పండేదాకా ఉంచితే, కోసినవి వేడి నేల మీద పడేస్తే ఎక్కువవుతుంది. డజను కొనేముందు ఒకటి కోసి చూపించమనండి, తోటల దగ్గర కాదనరు.

వానమాపకం

అయితే లెక్క తేలింది. దీపావళికి సాతారా, మహాబలేశ్వర్, రత్నగిరి, మాల్వణ్. కచ్, జైసల్మేర్ రెండూ జనవరిలో. ఈ రెండింటి మధ్య 500 కి.మీ. పైనే ఉంది, పెద్దవాళ్ళతో ఒక్క రోజులో లాగకండి, బాడ్‌మేర్‌లో ఒక రాత్రి ఆగండి.

జనవరి 14, 15 తేదీల్లో గుజరాత్ అంతా గాలిపటాలే. ఆ రెండు రోజులూ అద్దె బైకు వద్దు, మాంజా మెడకు తగులుతుంది. కొట్లు కూడా చాలావరకు మూసేస్తారు, అజ్రక్ కొనుగోలు 16 తర్వాత పెట్టుకోండి.

ఇంకోటి, పొద్దు. మన గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది, భుజ్ 70 డిగ్రీల లోపు ఉంది. సంక్రాంతి రోజుల్లో కాకినాడలో సుమారు ఆరున్నరకు పొద్దు పొడిస్తే భుజ్‌లో ఏడున్నరకు. రణ్‌లో సూర్యోదయం కోసం ఐదింటికి లేపి అమ్మానాన్నలను చలిలో నిలబెట్టొద్దు, భుజ్‌లో గది ఉంటే ఆరుంపావుకు బయల్దేరినా ధోర్డోలో సూర్యోదయం అందదు గానీ, ధోర్డోలోనే బస ఉంటే ఏడింటికి బయల్దేరినా చాలు. సాయంత్రం ఆరుంపావు దాటేదాకా వెలుతురు ఉంటుంది, కాబట్టి ధోలావీరాకు పొద్దున పదింటికి వెళ్ళినా తీరిగ్గా చూసి రావచ్చు.